కర్టెన్‌కి ఆనుకున్న పెళ్ళికొడుకు

మా మనవరాలికి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉంది. ఆఫీసు కాగితాల్లో తప్ప ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు. వీధి వీధంతా ఆమెను మెరుగు అనే పిలుస్తుంది. ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని, దేవుడు తొందరలో వదిలేసిన ముఖాలకు మెరుగులు దిద్దడం ఆమె పని.

ఆ గది అగ్గిపెట్టెకు అన్నలాంటిది. ఒక బల్ల, రెండు కంప్యూటర్ తెరలు, ఒక చక్రం ఊడిన కుర్చీ, తలుపుకు నల్లగుడ్డ. బయటి వెలుతురు తెర మీద పడితే రంగులు తప్పుతాయని పట్టపగలు కూడా ఆ గుడ్డ తొలగించనివ్వదు. ఎడమచేతిలో బిస్కెట్టు, కుడిచేతిలో పెన్ను. సిరా పెన్ను కాదు, పలక మీద గీస్తే తెర మీద పలికే పెన్ను. దాంతో మచ్చలు తుడిచేది, ముడతలు ఇస్త్రీ చేసేది. ఒక బట్టతల పెద్దమనిషికి ఎంత చక్కటి జుట్టు పెట్టిందంటే, ఆయన ఫొటో అందుకుని తిన్నగా ఎదురు కొట్టుకు వెళ్ళి దువ్వెన కొనుక్కున్నాడు. నమ్మకపోతే దువ్వెన అమ్మినవాణ్ణి అడగండి. నా డెబ్బయ్యో పుట్టినరోజు ఫొటోలో నా పళ్ళన్నీ నాకు తిరిగి ఇచ్చింది. దాన్ని గోడకు తగిలించిన నాటి నుంచి ఎదురింటి ముసలావిడ నన్ను తమ్ముడూ అని పిలుస్తోంది.

పని నేర్పిన రోజుల్లోనే స్టూడియో యజమాని ఆమెకు ఒక ముక్క చెప్పాడు. "ముట్టుకున్నట్టు తెలిస్తే అది మెరుగు కాదమ్మా, అతుకు." ఆ మాట ఆమె ఒంటికి పట్టేసింది. ఫొటో అందుకున్నవాళ్ళు ముఖం వెలిగిపోతుండగా "ఇందులో ఏమైనా మార్చారా?" అంటే, "లేదండీ, ఉన్నది ఉన్నట్టే" అనేది. రోజుకు పదిమందితోనైనా అనేది. అందరూ సంతోషంగా వెళ్ళిపోయేవారు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా కాన్వెంటులో సిస్టర్లు భయపెట్టేవారు. నేను చాలాకాలం అద్దంలో చూసుకున్నాను, ఎర్రగానే ఉంది. మా మెరుగుదీ ఎర్రగానే ఉండేది.

ఆమె మొగుడు సముద్రం అవతలి దేశంవాడు. లిఫ్టులు బిగించే కంపెనీ వాళ్ళు పని మీద పంపితే వచ్చాడు. తెలుగు సైట్లో మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి మొదట్లో కనిపించిన ప్రతివాళ్ళనూ "అన్నా" అనేవాడు. మా అమ్మాయిని, అంటే ఇప్పుడు తన అత్తగారిని కూడా. అందరూ అతన్ని లిఫ్టబ్బాయి అంటారు. నిటారుగా నిలబడితే మా గుమ్మంలో పట్టడు.

వర్క్ పర్మిట్ పొడిగించుకోవడానికి ఫొటో కావాలని ఒకరోజు స్టూడియోకు వచ్చాడు. పర్మిట్ ఫొటోకు మెరుగులు పనికిరావు. ప్రభుత్వానికి మనిషి ఉన్నవాడు ఉన్నట్టే కావాలి. కళ్ళు తెరిచి ఉండాలి. ఆ తెరవడమే అతనివల్ల కాలేదు. ఫ్లాష్ వెలగబోతోందని కెమెరాకు తెలిసేలోపే అతని రెప్పలకు తెలిసిపోయేది. ఫొటోగ్రాఫరు ఎన్నిసార్లు నొక్కినా నిద్రపోతున్న మనిషే వచ్చాడు. చివరికి ఆ గోల భరించలేక మెరుగు నల్లగుడ్డ తోసుకుని బయటికొచ్చి కెమెరా లాక్కుంది.

"ఏయ్! నీ లిఫ్టు పడిపోతోంది!" అని అరిచింది.

అతను గుడ్లు తెరిచి ఆమెవైపు చూశాడు. క్లిక్‌మంది.

ఆ తర్వాత అతనికి ఆ ఫొటో కాపీల అవసరం పెరిగిపోయింది. కంపెనీ కార్డుకన్నాడు, బ్యాంకుకన్నాడు, పర్సులో పెట్టుకోవడానికన్నాడు, తన దేశంలో ఉన్న వాళ్ళమ్మకన్నాడు. ప్రపంచంలో ఉన్న సైజులన్నీ అయిపోయాక పెళ్ళి చేసుకుందామన్నాడు. ఆమె వెంటనే సరేనంది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, ఆపైన ఒక హోటలు మేడ మీద భోజనాలు. పెళ్ళిరోజు తెల్లవారుజామునే ఒక ఆసుపత్రిలో లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపల మనుషులుండిపోతే మన పెళ్ళికొడుకు వెళ్ళి వాళ్ళను బయటికి తీసి, చేతుల గ్రీజు కడుక్కుని అట్నుంచటే పెళ్ళికి వచ్చాడు. సంతకం పెట్టాడు, ఉంగరం తొడిగాడు. భోజనాల దగ్గర కుర్చీ తగలగానే పక్కనున్న మనిషి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ పక్క మనిషి మా అల్లుడి అక్కగారు, మెరుగుకు మేనత్త. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. దారిన పోయే లారీ హారన్ల మీదుగా పాఠాలు చెప్పీ చెప్పీ ఆమె గొంతు ఊరికంతటికీ సరిపోయేలా తయారైంది. అందరూ మైకు అనే అంటారు. గ్రూప్ ఫొటో తీసేవేళకు మైకు భుజం మీద పెళ్ళికొడుకు గుర్రు కొడుతున్నాడు, మైకు నోరు బార్లా తెరిచి వడ్డించేవాడి మీద అరుస్తోంది.

పెళ్ళి ఫొటోలన్నీ చూసి మెరుగు తల పట్టుకుంది. ఒక్కదాంట్లోనూ పెళ్ళికొడుకు కళ్ళు తెరిచి లేడు. సెలవు పెట్టి, తలుపు గుడ్డ దించి, పెళ్ళి మొత్తాన్ని బాగుచేయడం మొదలుపెట్టింది. అతని కళ్ళు తెరిచి ఉన్న ఫొటో లోకంలో ఒక్కటే ఉంది, ఆ పర్మిట్ ఫొటో. అందులోంచి కళ్ళు తీసి అన్నింటికీ పెట్టింది.

"వేరే కళ్ళు దొరకలేదటే?" అని నేనే అడిగాను.

"ఆ చూపే కావాలి తాతయ్యా. నన్ను మొదటిసారి చూసిన చూపు అది" అంది.

గ్రూప్ ఫొటోలో ఇంకో చిక్కు. అరుస్తున్న మేనత్త నోరు ఎంత దిద్దినా మూతపడలేదు. మెరుగు కాసేపు ఆలోచించి మేనత్తను మొత్తంగా తీసేసి, అక్కడ వెనకనున్న కర్టెన్‌ను సాగదీసి కప్పింది. పని ఎంత నున్నగా వచ్చిందంటే, ఆ మడతల్లో ఒక మనిషి ఉండేదని కర్టెన్‌కు కూడా తెలియదు. ఆపైన ఇంటింటికీ తిరిగి ప్రతి ఒక్కరి ఫోనూ అందుకుని, "దరిద్రపు ఫొటోలు ఎవరి దగ్గరా ఉండకూడదు" అని పెళ్ళినాటివన్నీ తన కళ్ళముందే తీసేయించింది. వాళ్ళమ్మా తీసేసింది, నాన్నా తీసేశాడు. మైకు మాత్రం "నేనెప్పుడో తీసేశాలే పో" అని ఫోను కొంగున ముడేసుకుంది. ఆ సాయంత్రమే ఫ్యామిలీ గ్రూపులో కొత్త ఫొటో చూసింది.

"నేనెక్కడ? పెళ్ళిలో నేనెక్కడ?" అని ఒక వాయిస్ మెసేజి వచ్చింది. ఆ గొంతుకు మా అల్లుడి ఫోను బల్ల మీద అర జానెడు జరిగింది. తర్వాత, "కర్టెన్‌ని చేసిందిరా నీ కూతురు నన్ను!" అని ఇంకొకటి. ఆపైన మేనత్త గ్రూపులోంచి వెళ్ళిపోయింది. మాటల్లేవు, రాకపోకల్లేవు.

కాపురం మాత్రం బాగానే సాగింది. ఈ గొడవకు ముందే, పెళ్ళైన కొత్తలోనే స్టూడియోకు రెండు వీధుల అవతల మూడో అంతస్తులో రెండు గదులు తీసుకున్నారు. అతని వర్క్ పర్మిట్ అయిపోవస్తుంటే స్పౌజ్ వీసాకు దరఖాస్తు పెట్టారు. పెళ్ళి సర్టిఫికెట్టు ఒక్కటీ చాలదని ఆ ఆఫీసు నియమం. కాగితం మీద పెళ్ళిళ్ళు చేసుకుని వీసాలు కొట్టేసేవాళ్ళు ఉంటారు కాబట్టి, నిజంగా కలిసి బతుకుతున్నారని చూపించాలి. ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు కాగితాలు, పెళ్ళి ఫొటోలు. "చక్కగా ఉన్నవే పెట్టవే" అంది వాళ్ళమ్మ. చక్కగా లేనివంటూ ఏవీ మిగలలేదు కదా, అన్నీ పెట్టింది.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ఆఫీసరు ఇద్దర్నీ అడిగింది. ఆమె కళ్ళజోడు ఒక దారానికి వేలాడుతుంటుంది. అది పెట్టుకుందంటే చీమకు కూడా చెమట పడుతుందట. ఇద్దరూ ఇంటికొచ్చి చెప్పినవి కలిపి కుడితే లోపల జరిగింది ఇది.

ముందు అతన్ని అడిగింది. "ఈ గ్రూప్ ఫొటోలో మీరు ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నాను మేడమ్."

"కళ్ళు తెరుచుకునా?"

"కాదు మేడమ్, మూసుకునే. ఇక్కడ మాత్రం తెరిచి ఉన్నాయి."

"పక్కకు వాలిపోయి ఉన్నారు. దేనికి ఆనుకున్నారు?"

"అత్తకి."

"ఇక్కడున్నది కర్టెన్."

"అవును మేడమ్. అత్త ఇప్పుడు కర్టెన్" అన్నాడు ఆ అమాయకుడు.

తర్వాత మెరుగు వంతు.

"ఈ ఫొటో తీసేటప్పుడు మీ ఆయన ఏం చేస్తున్నారు?"

"నవ్వుతూ కూర్చున్నాడండీ."

"మెలకువగానే?"

"మెలకువగానే."

"మరి ప్రతి ఫొటోలోనూ ఈయన ఏదో మీద పడుతున్నట్టు భయంభయంగా చూస్తున్నారేం?"

"అది ఆయన చూపేనండీ."

"ఫొటోల్లో ఏమైనా మార్చారా?"

నిజం చెప్పడానికి అదే అదను. కాని ఆ ప్రశ్న ఆమె రోజూ కౌంటరు దగ్గర వినే ప్రశ్న. ఆలోచన కన్నా ముందు నోరు పలికేసింది. "లేదండీ, ఉన్నది ఉన్నట్టే."

కొద్దిరోజులకు జవాబు వచ్చింది. ఇద్దరి మాటలకూ పొంతన లేదు, ఫొటోల్లో పెళ్ళికొడుకును తెచ్చి అతికించినట్టుంది, ఈ పెళ్ళి నిజమైనదన్న నమ్మకం కలగలేదు. కొత్త ఆధారాలేమైనా ఉంటే మరొక్కసారి విచారణకు రావచ్చు. అదీ తేలకపోతే పర్మిట్ ముగియగానే అతను దేశం విడిచిపోవాలి, మళ్ళీ అడగడానికి ఏళ్ళ తరబడి వీల్లేదు.

మా అమ్మాయి ఆ కాగితం చదివి కూలబడింది. "అంత నున్నగా చేస్తే ఎలాగే? కాస్త అక్కడక్కడా గరుగ్గా వదలాల్సింది" అంది. ఏడుస్తూనే అంది పాపం.

అతను మాత్రం ఎప్పటిలాగే పనికెళ్ళాడు, వచ్చాడు, పనిముట్ల పెట్టె తెరిచాడు. వంటింటి తలుపు కీచుమనేది, దానికి నూనె వేశాడు. కిటికీ గడియ సరిచేశాడు. ఇస్త్రీపెట్టె తీగ మార్చాడు. స్నానాలగదిలో కుళాయి వాళ్ళు దిగిన రోజు నుంచీ చుక్కచుక్కగా కారుతోంది. ఆదివారం పూట నేను వాళ్ళింట్లో టీ తాగుతుండగా అది ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం విని మెరుగు చేతిలో కప్పు బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళింది. అతను పానా తుడుచుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"ఏం లేదు. నేను లేనప్పుడు నీకు ఇబ్బంది కాకూడదు కదా. ఫ్యాను ఒకటి మిగిలింది."

"నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు."

"సరే. కానీ ఫ్యాను..."

"ఆ ఫ్యాను జోలికెళ్ళావంటే చూడు! ఆ కుళాయి మళ్ళీ ఎలా కారేదో అలా చెయ్యి. ముందు చెయ్యి!"

అతను ఆమె ముఖం చూసి, పానా పెట్టి తిప్పాడు. కుళాయి మళ్ళీ కారడం మొదలుపెట్టింది. మెరుగు గోడకు ఆనుకుని ఆ చుక్కల్ని చూస్తూ నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని బయటికొచ్చి, "తాతయ్యా, చెప్పులేసుకో" అంది.

ముందు స్టూడియోకు వెళ్ళాం. అసలు ఫొటోలు కంప్యూటర్లో ఉంటాయేమోనని నేను ఆశపడ్డాను. లేవు. కంప్యూటర్లో చోటు చాలట్లేదని యజమాని గొణుగుతుంటాడని, దిద్దిన ఫొటోను అసలు దాని మీదే దాచడం ఆమెకు అలవాటు. బంధువుల ఫోన్లలోవి తనే తీసేయించింది. తన పెళ్ళి ఆనవాలు లేకుండా తనే తుడిచేసింది. మిగిలింది ఒకే ఒక్క ఫోను. అది కొంగున ముడేసుకున్న మనిషి మాతో మాట్లాడదు.

టైర్ల కొట్టు వెనకనున్న ఖాళీ స్థలంలో మైకు పాఠం చెబుతోంది. స్టీరింగు ముందు బ్యాంకులో రిటైరైన ఒకాయన, చెమటలు కారుస్తూ. పక్క సీట్లో మైకు, కాళ్ళ కింద తన వైపు ఇంకో బ్రేకు పెట్టుకుని. బండి గుండ్రంగా తిరుగుతోంది. అది ఆగే సూచనలు కనపడక, నెమ్మదిగా వచ్చినప్పుడు వెనక తలుపు తీసి నేనూ మెరుగూ ఎక్కేశాం. ఈ వయసులో కదిలే బండెక్కానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. అదసలు నడక కన్నా నెమ్మదిగా పోతోందని నేను చెబితే కదా.

"అత్తా" అంది మెరుగు.

మైకు వెనక్కి చూడలేదు. "మావయ్యగారూ, మీరు ఎక్కారు, సంతోషం. మీ పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టుంది. నాకు వినపడదు. నేను కర్టెన్‌ని. ఏవండీ, క్లచ్చు! క్లచ్చంటే అది కాదు!"

"అత్తా, తప్పైపోయింది."

"కర్టెన్లు క్షమించవమ్మా. ఎడమకి! ఎడమకండీ! ఏ చేత్తో సంతకం పెడతారో దానికి అవతల చెయ్యి!"

"నీ నోరు మూతపడలేదత్తా, ఏం చెయ్యను?"

"నా నోరా? ఆ నోరు అరవకపోతే మీ అమ్మవైపువాళ్ళకి ఆ రోజు రెండోసారి వడ్డన జరిగేదా? తెలుసా నీకు? మీరు అద్దంలోకి చూడకండి, రోడ్డు చూడండి!"

రిటైరైనాయన రోడ్డు చూశాడు. అక్కడ రోడ్డు లేదు.

"నువ్వు ఆ ఫొటోలు తీసేశానన్నావు. తీసేశావా?" అంది మెరుగు.

"తీశానో లేదో నీకెందుకు?"

"అతన్ని పంపించేస్తున్నారత్తా."

మైకు కాలు తన బ్రేకు మీద పడింది. బండి ఠక్కున ఆగింది. నా కళ్ళజోడు ముందు సీట్లోకి వెళ్ళింది. బ్యాంకాయన "నేనేం చెయ్యలేదండీ" అన్నాడు.

మైకు మొదటిసారి వెనక్కి తిరిగింది. "ఎవర్నే పంపించేది?"

మెరుగు చెప్పింది. కర్టెన్ సంగతి, కళ్ళ సంగతి, "ఉన్నది ఉన్నట్టే" అన్న సంగతి. మైకు వింటూ వింటూ ముక్కుపుటాలు పెద్దవి చేసింది.

"నా భుజం మీద నిద్రపోయినవాణ్ణి పంపించేస్తారా? నా చీర మీద చొల్లు కార్చాడే వాడు! చొల్లు! దానికన్నా చుట్టరికం ఏముంటుంది?" అని కొంగు ముడి విప్పింది.

ఫోను తెరిస్తే, ఏమని చెప్పను, ఆ పెళ్ళంతా అందులో ఉంది. అతను కళ్ళు మూసుకుని సంతకం పెడుతున్నాడు. కళ్ళు మూసుకుని ఉంగరం తొడుగుతున్నాడు, అది తప్పువేలికి. మెరుగు అతని రెప్పల్ని రెండు వేళ్ళతో విప్పుతోంది. నోటినిండా అన్నంతో అతన్ని తిడుతోంది. పెళ్ళయ్యాక, ఇంకా అలగకముందు, కాపురం పెట్టించడానికి వెళ్ళినప్పటివీ ఉన్నాయి. తలకు నూనె కారుతూ మెరుగు, ఆమె వెనక దువ్వెన పట్టుకుని లిఫ్టబ్బాయి. పరుపు మెట్ల మలుపులో ఇరుక్కుపోతే, పైన ఆమె, కింద అతను, మధ్యలో ఇద్దరి మీదా కోప్పడుతున్న పరుపు.

"ఇవన్నీ ఎందుకు దాచావత్తా?" అంది మెరుగు.

"ఎందుకా? నీకు పిల్లలు పుడితే వాళ్ళకి చూపించి నీ పరువు తీద్దామని."

రెండో విచారణకు అందరం వెళ్ళాం. సాక్షిగా మైకు. నేను దేనికీ కాదు, కాని ముసలివాణ్ణి లోపలి కుర్చీలో కూర్చోబెడితే ఎవరూ లెమ్మనలేదు. చెవిటివాణ్ణనుకున్నట్టున్నారు. నేనూ వాళ్ళ నమ్మకం చెడగొట్టలేదు. గదిలో పొడవాటి బల్ల, గాజు పలక, దాని వెనక దారానికి కళ్ళజోడు వేలాడుతున్న ఆఫీసరు. ఆమె ముందు మా ఫైలు.

"కొత్త ఆధారాలన్నారు" అంది ఆఫీసరు.

మెరుగు లేచి నిలబడింది. పెదవి తడుపుకుంది. "అంతకుముందు ఒకటి చెప్పాలండీ. ఫొటోలు నేనే మార్చాను. అన్నీ. మార్చలేదని అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మార్చడం నా పనండీ. మార్చలేదనడం కూడా నా పనే. ఎవరడిగినా అదే అంటాను. మీరడిగినప్పుడు కూడా అదే వచ్చేసింది."

ఆఫీసరు ముఖంలో ఏమీ కదల్లేదు. "ఇప్పుడు చెబుతున్నది నిజమని ఎలా నమ్మాలి?"

"ఆయన పర్మిట్ ఫొటో మీ ఫైల్లోనే ఉంటుంది. ఆ కళ్ళు, ఈ పెళ్ళి ఫొటోల్లో కళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. కుడి కనుపాపలో మా స్టూడియో లైటుకు తగిలించే గొడుగు తెల్లగా పడి ఉంటుంది. మేడ మీద భోజనాల దగ్గర ఆ లైటు ఎక్కణ్ణుంచొస్తుంది?"

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుంది. ఫైలు తిరగేసింది. పర్మిట్ ఫొటో తీసి గ్రూప్ ఫొటో పక్కన పెట్టింది. ఉంగరం ఫొటో పక్కన పెట్టింది. భోజనాలయ్యాక ఐస్‌క్రీమ్ తింటున్న ఫొటో పక్కన పెట్టింది. ప్రతిచోటా అదే గొడుగు, అదే కంగారు. ఆమె దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు, ప్రార్థన మధ్యలో నవ్వొస్తే మా సిస్టర్లు అలాగే దగ్గేవారు.

"ఈయన ఎందుకింత భయపడుతున్నారు?"

"లిఫ్టు పడిపోతోందంది మేడమ్" అన్నాడు అతను. "పడలేదు. నేనే పడ్డాను."

"సరే, అసలు ఫొటోలేవి?"

"నా దగ్గరున్నాయి!" అంది మైకు. గాజు పలక జివ్వుమంది. బయట వరండాలో ఎవరో టోకెను కింద పడేసుకున్నారు.

"మీరెవరమ్మా?"

"నేనేనండీ, ఆ కర్టెన్‌ని!"

ఆఫీసరు ఒక్కో ఫొటో చూసింది. లిఫ్టబ్బాయి ఆనుకున్న భుజం, ఆ భుజం గల నోరు, రెప్పల్లో వేళ్ళు, ఇరుక్కున్న పరుపు. చాలాసేపు చూసింది. ప్రతి దానికీ ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరు అని అడిగింది. ఈసారి ఇద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు, మధ్యలో మైకు దిద్దింది. ఆపైన ఆఫీసరు దిద్దిన ఫొటో ఒకటి, అసలుది ఒకటి పక్కపక్కన పెట్టి మెరుగును అడిగింది.

"ఆయన కళ్ళు మార్చారు, మీ మేనత్తను తీసేశారు. ఇంకేమైనా మార్చారా? మొత్తం చెప్పండి."

మెరుగు తల దించుకుంది. "నా ముక్కు."

లిఫ్టబ్బాయి గిరుక్కున తిరిగాడు. "ముక్కా? ముక్కు మార్చావా?"

"కొంచెమే. కొస తగ్గించాను."

"ఎందుకు తగ్గించావు? ఆ ఫొటో పర్సులో పెట్టుకుని తిరుగుతున్నా నేను! ఎవరి ముక్కది?"

"నా ముక్కే, కాస్త చిన్నది."

"చిన్నది నాకెందుకు? నీది పెద్ద ముక్కు, నాకు తెలీదా?"

"నలుగురిలో పెద్ద ముక్కంటావేంటి?"

"పెద్దదే కదా! కోపమొస్తే ముందు అదే ఎర్రబడుతుంది. చూడండి మేడమ్, ఇప్పుడు ఎర్రబడింది. నేను దాన్ని చూసే ఇంట్లోకి అడుగు పెట్టాలో వద్దో అనుకుంటాను. అది తగ్గిస్తే నాకెలా తెలుస్తుంది?"

"ఇంటికి రా, తెలుస్తుంది!"

"వస్తాను. వీళ్ళు రానిస్తే వస్తాను" అన్నాడు. మెరుగు ఇంకేదో అనబోయి ఆగి, అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. మైకు కూడా ఊరుకుంది. ఆమె ఊరుకోవడం నేను చూసింది అదే మొదలు.

ఆఫీసరు కళ్ళజోడు తీసి దారానికి వదిలేసింది. ఫైలు మీద ఏదో రాసింది. ఇంకో పేజీ తిప్పి ఇంకేదో రాసింది. అప్పుడు తలెత్తింది.

"మొదటిసారి అబద్ధం చెప్పినట్టు రికార్డులో ఉంటుంది. అది నేను తీసేయలేను, తీసేయను కూడా. ఇక్కడ మెరుగులు లేవు. కానీ పెళ్ళి నిజమే. ఇంత అధ్వాన్నమైన ఫొటోలు అబద్ధపు పెళ్ళివాళ్ళు తీసుకోరు. వీసా మంజూరు చేస్తున్నాను. పాస్‌పోర్టు ఇక్కడ వదిలి, బయట కూర్చోండి. స్టాంపు వేసి పిలుస్తారు."

మెరుగు "థాంక్సండీ" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అతను గాజు పలకకు వంగి వంగి నమస్కారం పెట్టాడు, నుదురు ఠంగుమని తగిలింది. మైకు అయితే బల్ల చుట్టూ తిరిగి అవతలికి పోయి ఆఫీసరును వాటేసుకునేదే, తలుపు అటువైపు లేదు కాబట్టి ఆగింది.

వరండాలో బెంచీల నిండా జనం. అందరి ఒళ్ళోనూ ఫైళ్ళు, ఆల్బమ్‌లు. లోపలి గోల సగం వాళ్ళకు వినపడింది, మిగతా సగం ఇప్పుడు మైకు వినిపించింది. "ఇచ్చారు! మా అల్లుడికి ఇచ్చారు!" ముక్కూమొహం తెలియని ఒకావిడ లేచి మెరుగు చేతులు పట్టుకుని ఊపింది. ఒక పెద్దాయన చప్పట్లు కొట్టాడు. లిఫ్టబ్బాయి కనిపించిన ప్రతివాళ్ళకూ "థాంక్స్ అన్నా, థాంక్స్ అన్నా" అంటూ బెంచీ బెంచీకీ చేయి కలిపాడు. వాళ్ళు అతనికి ఇచ్చిందేమీ లేకపోయినా అందరూ తామే ఇచ్చినట్టు తీసుకున్నారు. ఆ రోజు ఆ వరండాలో వీసా రానివాళ్ళు కూడా నవ్వారని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

కిటికీ దగ్గర పేరు పిలిచారు. అతను వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చాడు. మెరుగు పేజీ తెరిచి చూసింది, స్టాంపు ఒక పక్కకు ఒరిగి, సిరా కాస్త అలుక్కుపోయి పడింది. ఆమె దాన్ని వేలితో ముట్టుకోలేదు. నోరు బిగించి చూస్తూ, చూస్తూ, ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అతను ఏం చేయాలో తోచక ఆమె హ్యాండ్‌బ్యాగు తన భుజానికి తగిలించుకున్నాడు.

మేం తలుపు దాకా వచ్చాక చూస్తే మైకు మా వెంట లేదు. వెనక్కి చూశాను. ఒక కొత్త జంట మధ్య బెంచీ మీద కూర్చుని, వాళ్ళ ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతోంది. చుట్టూ మరో నలుగురు మూగారు.

"ఇది తీసెయ్, మరీ బాగుంది. ఇదీ తీసెయ్. ఇదేంటి, ఇద్దరూ దేవుడి పటంలో నిలబడ్డట్టు నిలబడ్డారు? పోట్లాడుకున్నది ఏదైనా ఉందా? జ్వరమొచ్చినప్పటిది? ఆ, ఇది పెట్టు, ఇందులో నీ మొగుడు నోరు తెరిచాడు!"

సెక్యూరిటీ అతను వచ్చి, "అమ్మా, మీ పని అయిపోయిందిగా, నెమ్మదిగా మాట్లాడండి, లోపలికి వినిపిస్తోంది" అన్నాడు.

"నెమ్మదిగానే మాట్లాడుతున్నాను నాయనా!" అంది మైకు, మూడో అంతస్తు దాకా వినపడేలా. "నువ్వు కూడా కూర్చో. నీకు పెళ్ళయిందా? ఫొటో ఉందా? ఏదీ, చూపించు!"